మళ్ళీ వస్తామన్న మాట

(కార్తిక మాసంలో మండపేట ఆలయ ప్రాంగణంలో జరిగిన భక్తుల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

   

ముప్పైనాలుగు సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. వెనుక నల్లబల్ల లేకుండా నిలబడి మాట్లాడడం నాకు నేటికీ బెరుకే. ధర్మసంస్థవారు నన్ను పిలిచి, “సేవ చేయాలన్న సంకల్పం చాలామందికి ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతున్నారు. వృద్ధాశ్రమానికి కుటుంబంతో కలిసి వెళ్ళివస్తున్నారు కనుక మీకు తెలిసిన నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. నాకు తెలిసినదానిలో మొదటి భాగం నేను చేసిన తప్పు. దానిని దాచి మిగిలినది చెబితే అది ఉపన్యాసం అవుతుంది కాని అనుభవం కాదు. అందువల్ల ఆ తప్పును కూడా మీ ముందుంచుతాను. అంతకుముందు ఈ మట్టిలో పుట్టిన ఒక తల్లిని స్మరించుకోవడం మన ధర్మం.

మన మండపేట డొక్కా సీతమ్మగారి పుట్టినూరు. 1841లో ఇక్కడ అనుపిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు ఆమె జన్మించారు. ఆకలితో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టే ఆ తండ్రిని ఊరివారు ‘బువ్వన్న’ అని పిలిచేవారట. లంకల గన్నవరం వాస్తవ్యులైన డొక్కా జోగన్నగారిని వివాహమాడి, ఆ ఇంటి గాడిపొయ్యిని ఆమె జీవితాంతం చల్లారనివ్వలేదు. గోదావరి పాయలు దాటి పోయే బాటసారులకు ఆ ఊరు ఒక మజిలీ. వేళకాని వేళ తలుపు తట్టినా ఆమె వండి వడ్డించేవారు. 1909లో పరమపదించారు. గన్నవరం దగ్గర గోదావరి పాయమీద నిర్మించిన కొత్త అక్విడక్టు ఆమె పేరుతోనే ఉన్నది. బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమె పేరే పెట్టింది.

ఆమెను గురించి మన ప్రాంతంలో చెప్పుకొనే ఒక వృత్తాంతం మీలో చాలామందికి తెలుసు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని ఆమెకు ఎంతో కాలంగా కోరిక. వచ్చిపోయే అతిథులతో తీరిక చిక్కక, చివరకు ఎలాగో ఒకసారి ప్రయాణమయ్యారు. దారిలో ఏటి ఒడ్డున ఒక పెళ్ళివారి బృందం ఎదురైంది. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే పెద్దలు, “కొంచెం ఓర్చుకోండి. గన్నవరం చేరితే సీతమ్మగారి ఇంట అన్నం దొరుకుతుంది” అని ఓదారుస్తున్నారట. ఆ మాట చెవిన పడగానే ఆమె ప్రయాణం మానుకొని, వారికంటే ముందు ఇల్లు చేరడానికి వెనుదిరిగారు.

దైవదర్శనం మానుకోమని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఈ కార్తికంలో పంచారామ యాత్ర చేస్తూ, ద్రాక్షారామం నుండి సామర్లకోటకో, పాలకొల్లుకో పోతూ ఇక్కడ ఆగినవారు ఈ సభలో ఉన్నారు. మీ యాత్ర సఫలం కావాలి. నేను గమనించమంటున్నది వేరొకటి. ఆ పెళ్ళివారు ఆమెకు కబురు పంపలేదు. వస్తున్నామని చెప్పలేదు. అక్కడికి వెళితే ఆమె ఉంటుంది అన్న నమ్మకంతో నడుస్తున్నారు, అంతే. ఆ నమ్మకం వమ్ము కాకూడదని ఆమె వెనుదిరిగారు. అన్నం పెట్టేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ‘అక్కడ ఉంటారు’ అని ఒకరు ధైర్యంగా చెప్పుకోదగినవారు అరుదు. సేవ అన్న మాటకు నేను ఆలస్యంగా తెలుసుకున్న అర్థం ఇది. ఎలా తెలిసిందో చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం, ఇటువంటి కార్తిక మాసంలోనే, మా అబ్బాయి కుటుంబంతో హైదరాబాదు నుండి వచ్చాడు. మా మనుమడికి పదో పుట్టినరోజు. ఈసారి వేడుక వృద్ధాశ్రమంలో చేద్దామని అబ్బాయి అన్నాడు. అందరికీ నచ్చింది. మన ఊరికి చేరువలోని ఒక ఆశ్రమానికి ఫోను చేసి, మధ్యాహ్న భోజనం మేము పెడతామని చెప్పాము. పులిహోర, బూరెలు, తాపేశ్వరం కాజాలు, పెద్ద కేకు పట్టుకొని రెండు కార్లలో వెళ్ళాము. పాటలు పాడాము, దుప్పట్లు పంచాము. నా జేబులోని ఫోను ఆ రెండు గంటలూ ఫోటోలు తీయడానికే సరిపోయింది. బయలుదేరేటప్పుడు మా అందరి మనస్సులూ తృప్తితో నిండి ఉన్నాయి.

అప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న ఒక వృద్ధురాలు నన్ను ఆపింది. ఎనభైకి పైబడిన వయస్సు. “బాబూ, తమరు మేష్టారని ఇక్కడివాళ్ళు అన్నారు. పుష్య బహుళ తదియ ఏ తేదీన పడిందో చూసి చెబుతారా? మావారి తిథి. గోడమీది క్యాలెండరు డిసెంబరుతో అయిపోతుంది” అని అడిగింది. తన పింఛను డబ్బులో కొంత దాచుకున్నదట. ఆ రోజున ఒక బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చుకోవాలని ఆమె కోరిక.

నేను, “దానికేం భాగ్యమమ్మా! వచ్చే ఆదివారం మా పంచాంగమే పట్టుకొచ్చి చూపిస్తాను” అన్నాను.

ఆ ఆదివారం ఏదో పెళ్ళి వచ్చింది. ఆపై ఆదివారం చలిగా ఉన్నదనుకున్నాను. తరువాత ధనుర్మాసం, సంక్రాంతి. ఆ పంచాంగం మా దేవుడిగదిలో గూటిలోనే ఉన్నది. ఆ రెండు నెలల్లో దానిని ఎన్నిసార్లు దింపి చూసుకున్నానో! భోగి ఎప్పుడు, సంక్రమణ పుణ్యకాలం ఎప్పుడు, మేనకోడలి గృహప్రవేశానికి ముహూర్తం ఎప్పుడు, అన్నీ చూశాను. పుష్య బహుళ తదియ గడి మీదుగా నా వేలు పోయే ఉంటుంది. గుర్తుకు రాలేదు.

రథసప్తమినాడు మనుమడు ఫోను చేశాడు. ఏవేవో కబుర్లు చెప్పి, “తాతగారూ, ఆ మామ్మగారికి పంచాంగం ఇచ్చారా?” అని అడిగాడు. నా నోట మాట రాలేదు. మరునాడు ఆదివారం. పంచాంగం సంచిలో పెట్టుకొని ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్ళాను. తిథి వెళ్ళిపోయి అప్పటికి ఇరవై రోజులు.

ఆమె అదే కుర్చీలో ఉన్నది. నేను చెప్పబోయేది ఆమెకు ముందే అర్థమైంది. “పరవాలేదు బాబూ, పైయేడు మళ్ళీ వస్తుంది కదా” అన్నది. మాట మార్చడానికి నేను, “ఇక్కడ ఇంకెవరినైనా అడగకపోయారా అమ్మా?” అన్నాను. ఆమె అమాయకంగా, “తమరు తెస్తామన్నారు కదా, మళ్ళీ ఇంకొకరిని అడగడం ఎందుకని ఊరుకున్నాను” అన్నది.

నేను ఎంతమంది పిల్లల చేత ‘మాట నిలుపుకొనుట’ అన్న పాఠం వల్లెవేయించానో లెక్కలేదు. ఆ రోజు నాకు ఆ పాఠం ఆమె చెప్పింది. నేను ఆ రెండు కార్ల నిండా తీసుకువెళ్ళినవాటిలో ఆమె అడిగినది ఏదీ లేదు. ఆమె అడిగినది ఒక్క తేదీ. నేను మాట ఇవ్వకపోయి ఉంటే ఆమె మరొకరిని అడిగి తెలుసుకొని ఉండేది. అంటే నేను సహాయం చేయకపోవడమే కాదు, ఆమెకు అందవలసిన సహాయానికి అడ్డుపడ్డాను కూడా.

ఆ తరువాత ఆశ్రమ నిర్వాహకుడితో కాసేపు మాట్లాడాను. ఆయన నిష్ఠూరంగా కాదు, మామూలుగానే చెప్పాడు. “అక్టోబరు ఒకటిన వృద్ధుల దినోత్సవం, రెండున గాంధీ జయంతి, ఆగస్టు పదిహేను, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు. అటువంటి రోజుల్లో ఒక్కపూటకు మూడిళ్ళ భోజనం వచ్చి పడుతుంది. మూడిటినీ వీళ్ళు తినలేరు, వద్దంటే దాతలకు కష్టం. మామూలు మంగళవారంనాడు గేటు తీసే పని ఉండదండి” అన్నాడు.

ఆ రోజు నుండి నేనూ నా సహధర్మచారిణీ ప్రతినెలా రెండో ఆదివారం వెళుతున్నాము. ఆ అనుభవం నుండి, కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిసారి వట్టి చేతులతో వెళ్ళండి. ఇది మన సంప్రదాయానికి విరుద్ధంగా తోస్తుంది. పెద్దల దగ్గరకు వట్టి చేతులతో పోరాదు అంటాము. కనుక ఒక అరటిపండ్ల అత్తమో, నాలుగు పువ్వులో పట్టుకువెళ్ళండి, తప్పులేదు. అన్నదానపు ఏర్పాట్లు మాత్రం ఆ రోజు వద్దు. నిర్వాహకులను కలిసి మూడు ప్రశ్నలు అడగండి. మేము ఏ వేళకు వస్తే మీకు ఇబ్బంది ఉండదు? ఇక్కడ ఎవరినీ చూడడానికి ఎవరూ రానివారు ఎవరు? మీకు నిజంగా కొరతగా ఉన్నది ఏమిటి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు ఆశ్చర్యం కలిగిస్తుంది. దుప్పట్లు బీరువాల నిండా ఉంటాయి. మూత్రం ఆపుకోలేనివారికి వాడే డైపర్లు, కాళ్ళకు జారని చెప్పులు, స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు బిగించే ఇనుపకడ్డీ వంటివి ఉండవు. వీటిని ఎవరూ పుట్టినరోజు కానుకగా తీసుకురారు కదా!

తినుబండారాలు అడగకుండా తీసుకుపోవద్దు. మన గోదావరి సీమలో ప్రేమ అంటే తీపి. కాజా, బూరె, పూతరేకు చేతిలో పెట్టకపోతే ప్రేమ చూపినట్టే ఉండదు. అయితే అక్కడ సగంమందికి చక్కెరవ్యాధి, రక్తపోటు ఉండవచ్చు. కొందరికి పళ్ళు లేవు, కొందరికి మింగడమే కష్టం. మీరు పెట్టింది మర్యాదకు తిని, మీరు వెళ్ళిన తరువాత బాధపడతారు. మొదటిసారి మేము పంచిన కాజాలు ఎందరికి హాని చేశాయో నాకు తెలియదు. అందువల్ల ముందుగా నిర్వాహకులనో, అక్కడి నర్సునో అడిగి వారు చెప్పినదే చేయించండి.

రోజు ఒకటి నిర్ణయించుకోండి. నెలకు ఒక్క రోజు చాలు, ముప్పావుగంట చాలు. ఆ రోజు మాత్రం మారకూడదు. గుడికి ఏకాదశినాడు పోయేవారు, శనివారం పోయేవారు ఉన్నట్టే ఇది కూడా ఒక వ్రతమనుకోండి. మొదట్లోనే వారం వారం వస్తామని సంకల్పించి మూడు వారాలకు మానేసేవారికంటే నెలకొకసారి మూడేళ్ళు వచ్చేవారు మేలు. రాలేని నెలలో ముందురోజే ఫోను చేసి ఎవరికి చెప్పాలో వారికి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జలుబు, జ్వరం ఉంటే వెళ్ళకండి. మనకు రెండు రోజుల తుమ్ము వారికి ఆస్పత్రి కావచ్చు.

‘మళ్ళీ వస్తాము’ అన్న మాటను అలవాటుగా అనకండి. మనం వీధిలో ఎవరు కనిపించినా అనే మాట అది, మర్యాదకు అంటాము. అక్కడివారికి అది మర్యాద మాట కాదు. వారు దానిని లెక్కపెట్టుకుంటారు. అంటే తేదీ చెప్పి అనండి. ఆ తేదీని వారి గది క్యాలెండరుమీద మీ చేతితో చుట్టండి. తెస్తానన్న వస్తువును చిన్న కాగితంమీద రాసి జేబులో పెట్టుకోండి. వీలుకానిదైతే అక్కడే వీలుకాదని చెప్పండి. వారు జీవితంలో ఎన్నో కాదనడాలను చూసినవారు, అర్థం చేసుకుంటారు.

పిల్లలను తప్పక తీసుకువెళ్ళండి. ముందుగా వారికి చెప్పి తీసుకువెళ్ళండి. అక్కడ కొందరికి సరిగా వినిపించదు, అడిగినదే మళ్ళీ అడుగుతారు, గదిలో మందుల వాసన ఉంటుంది, ఒకరు ఊరకే ఏడవవచ్చు అని తెలిస్తే పిల్లలు భయపడరు. కాళ్ళకు దండం పెట్టు, పాట పాడు అని బలవంతం చేయకండి. చేతికి ఒక పని ఇవ్వండి. సూదిలో దారం ఎక్కించడం, పత్రిక పెద్దగా చదివి వినిపించడం, ఫోనులో అంకెలు నొక్కి మాట్లాడించడం వారికి చేతనైన పనులు. ఒక ప్రశ్న నేర్పి పంపండి. 1986 ఆగస్టు వరదలో గోదావరి ఎలా ఉన్నది? 1996 నవంబరు తుపానులో మీ ఊళ్ళో కొబ్బరిచెట్లు ఏమయ్యాయి? అంతే, ముప్పావుగంట సరిపోదు. మన పెద్దలు కాలాన్ని పుష్కరాలతో కొలుస్తారు. ‘91 పుష్కరాలకు నా పెద్దకొడుకు చంటివాడు’, ‘2003లో మా అత్తగారిని నేనే ముంచాను’, ఇలా చెబుతుంటే పిల్లలకు చరిత్ర పాఠం వేరే అక్కర్లేదు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తాయి. అప్పటికి ఉంటామా అని అక్కడ చాలామంది అడుగుతుంటారు. రేవు దాకా రాలేనివారికి ఒక చెంబు గోదావరి జలం పట్టుకుపోయి తలమీద చల్లడం మనం ఇప్పటి నుంచే సంకల్పించుకోదగిన పని.

మీ పిల్లలు ఎక్కడ ఉన్నారని అడగకండి. ఇది అతి ముఖ్యం. వారు చెబితే వినండి. చెప్పిన తరువాత ఆ బిడ్డలను నిందించకండి. ‘అయ్యో, కన్నతల్లిని వదిలేశాడా’ అని మనం జాలిగా అన్న మాట ఆ తల్లిని గుచ్చుతుంది. ఆమె బిడ్డను ఆమె ఎదుట తిట్టినట్టే. మన కోనసీమ నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్టుకు, మస్కట్టుకు పనికి పోయి, అక్కడ వేరొకరి ఇంటి వృద్ధులకు సేవ చేస్తూ ఇక్కడ తల్లిని ఆశ్రమంలో ఉంచిన కూతుళ్ళు ఉన్నారు. నెలనెలా డబ్బు పంపుతారు, రాలేరు. బిడ్డలే లేనివారున్నారు. బిడ్డలను పోగొట్టుకున్నవారున్నారు. నిజంగా వదిలేసినవారూ ఉన్నారు. ఎవరిది ఏ కథో మనకు తెలియదు. తీర్పు చెప్పడానికి మనం అక్కడికి పోలేదు.

అనుమతి లేకుండా ఫోటో తీయకండి. సీతమ్మగారి విషయంలో ఒక సంగతి చెప్పుకుంటారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాల సందర్భంలో ఆమె ఛాయాచిత్రం కోసం అధికారులు వస్తే ఆమె మొదట ఒప్పుకోలేదట. తీసుకుపోకపోతే తమ ఉద్యోగాలకే ముప్పు అని వారు ప్రాధేయపడ్డాకనే అంగీకరించారట. అంత పెట్టిన చేయి ఫోటోకు వెనుకాడింది. మనం ఒక్క పులిహోర పొట్లం ఇస్తూ ఎదుటివారి ముఖం ఊరంతా చూపిస్తున్నాము. ఆ ముఖం ఒకప్పుడు ఒక ఇంటి యజమానిది, ఒక పంతులమ్మది. ఆశ్రమంలో ఉన్నట్టు తమ బంధువులకు తెలియడం ఇష్టంలేనివారు కూడా ఉంటారు.

ఇక దాతలకు ఒక విన్నపం. వృద్ధుల చేతికి విడిగా డబ్బు ఇవ్వకండి. పక్కమంచం వారికి ఇవ్వలేదన్న బాధ, పోయిందన్న గొడవ వస్తాయి. సంస్థకు ఇచ్చి రశీదు తీసుకోండి. అడిగితే లెక్క చూపించే సంస్థనే ఎంచుకోండి. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నవారు మేము ఎలా రాగలమని అడుగుతారు. మా అబ్బాయి చేస్తున్నది చెబుతాను. నెలకు రెండుసార్లు, చెప్పిన వేళకు, ఆశ్రమంలో ఒక పెద్దాయనకు ఫోను చేస్తాడు. పది నిమిషాలు మాట్లాడతాడు. ఆ రోజు ఆ పెద్దాయన పొద్దుటే గడ్డం గీయించుకొని కూర్చుంటాడు. ఫోనులో గడ్డం కనబడదని మేమెవ్వరం ఆయనకు చెప్పలేదు.

అన్ని రోజులూ ఆనందంగా గడుస్తాయని అనుకోకండి. మేము వెళ్ళే చోట ఒక పూర్వపు కౌలురైతు ఉన్నారు. మేము పలకరిస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఐదు నెలలు అంతే. ఆయన మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చొని, వస్తానండీ అని లేచి వచ్చేవాణ్ణి. ఆరో నెలలో ఇటు తిరిగి, “బస్తా ధాన్యం ఎంత పలుకుతోంది?” అని అడిగారు. నాకు తెలియదు. సిగ్గుపడి, పక్కనెల మిల్లులో కనుక్కొని వెళ్ళాను. ఇప్పుడు ప్రతినెలా ధర చెప్పడం నా పని. ఆ ధర విని మిల్లర్లను తిట్టడం ఆయన పని.

ఎప్పుడైనా అక్కడ ఒకరిని సరిగా చూడడం లేదనిపిస్తే, గొడవ చేయకుండా ముందు నిర్వాహకులతో మాట్లాడండి. అయినా మారకపోతే, వయోవృద్ధుల కోసం 14567 అన్న ఉచిత ఫోను నంబరు ఉన్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని పార్లమెంటు 2007లో చేసింది. బిడ్డల నుండి పోషణ కోరదలచినవారు ఆ చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునలుకు వకీలు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయంలో విచారించండి. నిరుపేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమం ఏర్పాటు చేయడం గురించి కూడా ఆ చట్టం చెబుతుంది. చదవడం రానివారికి ఈ సంగతులు చెప్పడం, అర్జీ రాసిపెట్టడం కూడా సేవే.

ఇంతా చెప్పి ఒక మాట మరచిపోరాదు. సేవకు మొదటి చోటు ఆశ్రమం కాకపోవచ్చు. మన వీధిలో, మన మేడకింద వాటాలో, ఒక్కరే ఉంటున్న పెద్దవారు లేరా? ఈ గుడి మెట్లు ఎక్కలేక మూడు నెలలుగా రాని భక్తురాలు లేరా? ముందు ఆ తలుపు తట్టండి. మీ ఇంట్లోనే పెద్దవారుంటే వారి గదిలో ముప్పావుగంట కూర్చోండి. పండరీపురపు పుండరీకుడి కథ మనకు తెలుసు. తల్లిదండ్రుల సేవలో ఉండగా స్వామి వచ్చి వాకిట నిలిస్తే, ఇటుక చూపించి కొంచెం ఆగమన్నాడు. స్వామి నేటికీ ఆ ఇటుకమీదనే నిలబడి ఉన్నాడు, కోపగించుకొని వెళ్ళిపోలేదు.

ఆ వృద్ధమాత సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడు పుష్య బహుళ తదియనాడు నేను, నా సహధర్మచారిణి, సెలవు పెట్టుకొని వచ్చిన మనుమడు ఉదయమే వెళ్ళాము. ఆమె దాచుకున్న డబ్బుతోనే బియ్యం, కందిపప్పు, నెయ్యి, అరటికాయలు, కంద, చింతపండు కొని తెచ్చాము. మా డబ్బు ఒక్క రూపాయి కలపనివ్వలేదు. ఒక పురోహితులు దయతో ఆశ్రమానికే వచ్చారు. ఆమె చేతులు వణుకుతుంటే మా మనుమడు తట్ట కింద చేయి ఆనించాడు. స్వయంపాకం ఇచ్చి, ఆయన ఆశీర్వచనం తీసుకొని, మధ్యాహ్నం దాకా ఉపవాసముండి అప్పుడు అన్నం తిన్నది. అలా మూడేళ్ళు జరిగింది. ఈ పుష్యంలో నాలుగోది. ప్రతి ఉగాదికీ ఆమె గదిలో పెద్దక్షరాల పంచాంగం ఒకటి పెట్టి వస్తున్నాము, ఆ తిథి గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి.

అయినా ఆ మొదటి ఏటి తిథి మాత్రం వెళ్ళిపోయింది. మూడు చేసినా అది తిరిగి రాలేదు. సేవలో మన ఆలస్యానికి వెల ఎదుటివారు చెల్లిస్తారు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ధర్మసంస్థ పెద్దలను ఒకటి కోరాను. వారు దయతో అంగీకరించారు. విరాళాల బల్ల పక్కనే ఈ రోజు నుండి ఒక పుస్తకం ఉంటుంది. అందులో రూపాయల గడి లేదు. పేరు, ఊరు, నెలలో ఏ రోజు అన్న మూడు గడులే ఉన్నాయి. ఐదు కుటుంబాలు ఐదు వేరువేరు రోజులు రాస్తే ఒక ఆశ్రమానికి ప్రతివారం ఎవరో ఒకరు వెళ్ళినట్టవుతుంది. రాసేముందు ఇంటిల్లిపాదీ ఆలోచించుకోండి. ఈ నెల రాయకపోయినా తప్పులేదు. మంగళవారం ఖాళీగా ఉన్నదని మాత్రం గుర్తుంచుకోండి.

ఏటి ఒడ్డు నుండి వెనుదిరిగిన ఆ తల్లి పుట్టిన ఊరిలో నిలబడి మాట్లాడుతున్నాను. మనం అంత అన్నం పెట్టలేము. అక్కడ ఉంటారు అని ఒక్క మనిషి మనలను గురించి ధైర్యంగా చెప్పుకోగలిగితే చాలు. ఆ భాగ్యాన్ని స్వామి మనందరికీ అనుగ్రహించుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.